మూడో మిషన్ ఆగిన ముప్పావుగంట

"చంపింది నేనే మేడం. ఇంకెన్నిసార్లు చెప్పమంటారు?"

ఇలాంటి మాట డిటెక్టివ్ చెవిన పడటం మొదటిసారి కాదు. కానీ తనను విడిపించడానికి వచ్చిన మనిషి దగ్గరే ఒకడు ఇంత పట్టుదలగా ఈ మాట అనడం మాత్రం ఆమె సర్వీసులో ఎన్నడూ చూడలేదు. ఎదురుగా కూర్చున్నవాడికి ముప్పై ఏళ్ళుంటాయి. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు, తిండి తిన్న ముఖమూ కాదు. చనిపోయింది అతని అక్క మొగుడు. కరెంటు షాక్ కొట్టి, గురువారం నాడు, సొంత ఇంటి వెనకగదిలో పోయాడు. షాక్ కొట్టిన పవర్ సప్లై పెట్టె ఈ తమ్ముడి చేతి పని. నిర్లక్ష్యంతో ప్రాణం తీశాడని ఇన్‌స్పెక్టర్ కేసు రాశాడు. ఆ మధ్యాహ్నమే కోర్టుకి తీసుకెళ్తారు. అక్కడ తప్పు ఒప్పేసుకుంటానని వీడు భీష్మించుకున్నాడు.

డిటెక్టివ్‌ని పెట్టుకున్నది అతని అక్క. నిన్న ఆఫీసుకి వచ్చి ఆవిడ కూర్చోను కూడా కూర్చోలేదు. తమ్ముడి వల్లే తన మొగుడు పోయాడా కాదా, అదొక్కటే తేల్చి చెప్పమంది. అవునంటే ఈ జన్మలో వాడి ముఖం చూడనని, కాదంటే వాడి కాళ్ళు పట్టుకుంటానని చెప్పి వెళ్ళిపోయింది. ఉన్న ఇద్దరిలో ఒకరిని మట్టికిచ్చి, రెండోవాడిని ఏం చెయ్యాలో తెలియక కొట్టుకుంటున్న మనిషి అని డిటెక్టివ్‌కి అర్థమైంది. అందుకే ఇవాళ పొద్దున్నే స్టేషన్‌కి వచ్చేసింది.

ముందుగా బావ సంగతి చెప్పమంది. బావ ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేసేవాడట. ఉద్యోగం అక్కడ, ప్రాణం ఇంటి వెనకగదిలో. పాత రేడియోలు విప్పి చూడటంతో మొదలైన పిచ్చి క్రిప్టో మైనింగ్ దాకా వచ్చి ఆగింది. రాత్రింబగళ్ళు లెక్కలు చేసే మిషన్లు మూడు, ఆ లెక్కలకి కూలీగా ఎక్కడినుంచో ఫోన్లో జమయ్యే చిటికెడు నాణేలు. కరెంటు బిల్లు పోగా మిగిలేది చెప్పుల ఖర్చుకైనా రాదని అక్క ఎగతాళి చేసేదట. లాభం కోసం కాదే, నా చేత్తో కట్టింది నడుస్తుంటే చూడాలనే, అని బావ నవ్వేసేవాడట. మూడో మిషన్ కొత్తగా కొన్నాడు. దానికి కరెంటు ఇచ్చే పెట్టెని తమ్ముడు కట్టిచ్చాడు.

"వరసగా రెండు షిఫ్టులు చేసొచ్చి, నిద్రకళ్ళతో బిగించాను. ఎర్త్ వైరు పెట్టినట్టు గుర్తు రావడం లేదు. పెట్టి ఉంటే బావ బతికేవాడు."

"పెట్టలేదని గుర్తుందా?"

"పెట్టినట్టు గుర్తు లేదు."

"ఆ రెండూ ఒకటి కాదు," అంది డిటెక్టివ్.

అతను తలెత్తి చూశాడు. మూడు రోజుల్లో ఎవరూ అతనితో వాదించలేదు మరి. ఒప్పుకుంటున్నవాడితో ఎవరు వాదిస్తారు? ఆ సందు చూసుకుని ఆమె ప్రశ్నలు మొదలుపెట్టింది. పెట్టె ఎక్కడ కట్టాడు? తన గదిలో, తన సామానుతో. ఎప్పుడు తెచ్చాడు? మంగళవారం సాయంత్రం తెచ్చి, తగిలించి, నడవడం చూసి వెళ్ళాడు. ఆ తర్వాత ఆ ఇంటి గడప తొక్కలేదు. గురువారం? పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఒక ఆసుపత్రి లిఫ్టు గుంతలో, తోటి మెకానిక్‌లు ఇద్దరితో. అక్క ఎన్నిసార్లు ఫోన్ చేసినా అందలేదు.

బావ గదిలోనే వైర్లు అతికించే సోల్డరింగ్ ఐరన్ ఉండగా నీ గదిలో ఎందుకు కట్టావని అడిగింది. తమ్ముడి ముఖంలో అంతసేపటికి నవ్వు లాంటిదేదో కదిలింది.

"బావ ఐరన్‌తో ఎవరైనా పని చేస్తారా మేడం? పనయ్యాక దాని మొనకి కాస్త సీసం పూసి, అప్పుడు ఆపెయ్యాలి. పూయకపోతే నల్లగా మాడి చస్తుంది. బావ జన్మలో పూసి ఎరగడు. పనవగానే ప్లగ్ పీకేసి లేచిపోవడమే. చచ్చిన మొనలు దాచడానికి ఒక డబ్బా కూడా పెట్టుకున్నాడు."

ఆదివారాలు ఇలాంటి పిచ్చివాళ్ళంతా ఒక షెడ్డులో కలుస్తారట. అక్కడ బావ డబ్బా పెద్ద నవ్వులాట. అంతవరకూ చెప్పి, చెబుతున్నది పోయిన మనిషి గురించని గుర్తొచ్చి, తమ్ముడు నోరు మూసేసుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. డిటెక్టివ్ ఒకప్పుడు బీమా కంపెనీలో కాలిపోయిన గోదాములు, గుద్దుకున్న లారీలు చూసి క్లెయిములు తేల్చేది. అందుకని ఈయన ఆమెని క్లెయిముల మేడం అంటాడు. ఇద్దరికీ ఒకరి పని ఒకరు చెడగొట్టారన్న పాత కక్ష ఉండనే ఉంది.

"క్లెయిముల మేడంగారు ఇతన్నీ రిపేరు చేసి పంపుతారా?" అన్నాడు.

ఆ పెట్టెని ఒకసారి చూడనివ్వమని ఆమె అడిగింది. ఎలక్ట్రికల్ నిపుణుడు చూసి రిపోర్టు ఇచ్చేశాడని, ఎర్త్ లేదని, ఫ్యాను అదురుకి ఫేజు వైరు ఊడి రేకుకి తగిలిందని, మధ్యలో ఆవిడ చూసి చేసేదేమీ లేదని ఇన్‌స్పెక్టర్ తేల్చేశాడు. కొత్త సంగతి ఏదైనా చేతికి దొరికితే అప్పుడు రమ్మన్నాడు. మూడింటికి కోర్టు అని గడియారం కూడా చూపించాడు. అప్పటికి పదిన్నర దాటింది.

బయట బల్ల మీద ఫ్లాస్కు పక్కన పెట్టుకుని ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు. ఆదివారం షెడ్డు ఆయనదే. అందరూ మాస్టారంటారని కానిస్టేబుల్ చెప్పాడు. నిన్నటినుంచి కదలకుండా అక్కడే ఉన్నాడట.

"వాడు నా కళ్ళముందు పని నేర్చుకున్నవాడమ్మా. ఎలాగైనా బయట పడెయ్యండి. వాడిని నేనే ఇంటికి తీసుకెళ్తాను," అన్నాడు.

ఆ కుర్రవాడి కోసం ఒక్కరైనా కూర్చున్నందుకు డిటెక్టివ్ మనసు కాస్త తేలికపడింది. ఆయనకి ధైర్యం చెప్పి కారెక్కింది.

*

వెనకగది తాళం అక్క తీసింది కానీ గుమ్మం దాటి రాలేదు. ఆవిడ బడిలో లెక్కలు చెబుతుంది. గురువారం బావకి ల్యాబు సెలవు, ఇంట్లోనే ఉన్నాడు. గురువారం సాయంత్రం బడినుంచి వచ్చేసరికి మిషన్ల ఫ్యాన్లు ఎప్పటిలాగే హోరెత్తుతున్నాయి. ఆ హోరులో రెండుసార్లు పిలిచి, పలక్కపోతే వచ్చి చూసింది. ఇప్పుడు పోలీసులు అన్నీ ఆపేసి వెళ్ళారు. నాలుగేళ్ళుగా ఆ చప్పుడుని తిట్టిపోసిన మనిషి ఇప్పుడు ఈ నిశ్శబ్దం భరించలేకపోతున్నానని గుమ్మానికి ఆనుకుని ఏడ్చింది.

గది చిన్నది. ఒక గోడకి ఇనప రాక్, అందులో మిషన్లు. ఎదురుగోడకి పనిబల్ల. గురువారం బావ ఆ రాక్ ముందు పడి ఉన్నాడట. రెండు అరచేతులూ కాలాయి. ఒక చెయ్యి పెట్టె మీద, రెండోది ఇనప రాక్ మీద పడ్డాయన్నమాట. కాళ్ళకి రబ్బరు చెప్పులున్నాయి. ఒక్క చేత్తో ముట్టుకుని ఉంటే జివ్వుమని వదిలేసేది. రెండు చేతులూ ఆనాయి కాబట్టి కరెంటు ఇటునుంచి అటు, గుండెలోంచి పోయింది.

ఇంత పని తెలిసినవాడు నడుస్తున్న పెట్టెని అలా కౌగిలించుకున్నట్టు ఎందుకు పట్టుకున్నాడు? ఎవరైనా పట్టుకోమంటే తప్ప.

ఆమె పనిబల్ల దగ్గరికి వెళ్ళింది. తమ్ముడు చెప్పిన డబ్బా కనబడింది. మూత తీస్తే నల్లగా మాడిన మొనలు గుప్పెడు ఉన్నాయి. ఐరన్ మాత్రం పద్ధతిగా స్టాండులో ఉంది, ప్లగ్ తీసి ఉంది. వంగి చూసింది. జేబులోంచి భూతద్దం తీసి మళ్ళీ చూసింది. దాని మొన వెండిలా మెరుస్తోంది. చివరిదాకా నున్నగా, సమానంగా సీసం పూత.

జన్మలో పూయనివాడు చచ్చిపోయే రోజున బుద్ధి తెచ్చుకుని పూశాడంటే నమ్మడానికి డిటెక్టివ్ సిద్ధంగా లేదు. ఈ ఐరన్‌ని చివరగా వాడినవాడు వేరే. వాడు ఎంత కంగారులో ఉన్నా, ఎంత పాడుపని చేస్తున్నా, చెయ్యి మాత్రం అలవాటు మానుకోలేదు. మొనకి పూత పూసిగాని ఐరన్ ఆపలేదు.

బల్ల మూల సీలు విప్పని హీట్ పేస్టు గొట్టం ఉంది. వేడెక్కిన చిప్‌ల మీద రాసేది. సొరుగు లాగితే అదే రకం గొట్టం సగానికి పైగా మిగిలినది ఇంకొకటి కనబడింది. ఉండగా మళ్ళీ ఎందుకు కొన్నాడో అక్కకి తెలియదు. కొత్త గొట్టం మీద దుకాణం చీటీ అతికించి ఉంటే డిటెక్టివ్ ఆ నంబరుకి ఫోన్ చేసింది. దుకాణదారుడికి బావ బాగానే గుర్తున్నాడు. గురువారం పొద్దున, దుకాణం తెరిచిన కాసేపటికే వచ్చాడట. మా మిషన్లని చూడటానికి డాక్టరొచ్చి కూర్చున్నాడు, మందు పట్టుకురమ్మని తరిమాడు అని జోకేసి, గబగబా తీసుకుని పోయాడట. ఆ డాక్టరెవరో చెప్పాడా అంటే, చెప్పలేదన్నాడు.

డిటెక్టివ్ ఫోన్ పెట్టేసింది. వచ్చినవాడికి పేస్టు అక్కర్లేదు. ఇల్లు ఖాళీ కావాలి.

బావ ఫోన్ తాళం అక్కకి తెలుసు. ఆ ఉదయం కాల్స్ ఏవీ లేవు, అంటే వచ్చినవాడు చెప్పకుండానే వచ్చాడు. మిషన్ల పని చూపించే యాప్ తెరవమంది. ఏ మిషన్ ఏ గంటలో ఎంత పని చేసిందో గీతలు గీసి చూపిస్తుంది అది. గురువారం మొదటి రెండు మిషన్ల గీతలు తిన్నగా సాగాయి. మూడోదాని గీత పదింటి దగ్గర తెగి, ముప్పావుగంట తర్వాత మళ్ళీ లేచింది. బావ పేస్టు కోసం వెళ్ళింది సరిగ్గా ఆ సమయంలోనే. ఎవరో మూడో మిషన్ ఆపి, పెట్టె విప్పి, చేయవలసింది చేసి, మళ్ళీ బిగించి, బావ వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు కూర్చున్నారు.

"అమ్మా, ఆ పెట్టె వచ్చాక మీరెప్పుడైనా ముట్టుకున్నారా?"

అక్క కళ్ళు తుడుచుకుని ఆలోచించింది. బుధవారం సాయంత్రం దుమ్ము చూడలేక తుడిచానంది. ఎలా తుడిచారని డిటెక్టివ్ గుచ్చి అడిగితే, ఒక చేత్తో రాక్ పట్టుకుని వంగి రెండో చేత్తో తడిగుడ్డ పెట్టి తుడిచానని, నడుస్తుండగా తడిగుడ్డేమిటని ఆయన కేకలేశాడని చెప్పింది. ఆ చివరి కేకలు తలుచుకుని మళ్ళీ ఏడ్చింది. డిటెక్టివ్ ఆవిడ భుజం మీద చెయ్యేసి, ఏడవడం తర్వాత, ముందు నాతో స్టేషన్‌కి రండి అంది.

*

"అయితే ఇది ఇంకా మంచిది," అన్నాడు ఇన్‌స్పెక్టర్ అంతా విని.

ముగ్గురూ స్టేషన్ వెనక సామాన్ల గదిలో ఉన్నారు. బల్ల మీద ఆ పెట్టె మూత విప్పి ఉంది. డిటెక్టివ్ భూతద్దం కింద చూపించింది. ఎర్త్ వైరు బిగించే చోట, లోపలి రేకు మీద రంగు గీకి ఉంది. ఆ గీకిన చోట పళ్ళున్న వాషరు కరిచిన గుర్తులు గుండ్రంగా, స్పష్టంగా ఉన్నాయి. గట్టిగా బిగిస్తే తప్ప వాషరు అలా కరవదు. తమ్ముడు నిద్రకళ్ళతోనైనా ఎర్త్ పెట్టాడు, రంగు గీకి మరీ పెట్టాడు. తర్వాత దాన్ని ఎవరో విప్పేశారు. అదురుకి ఊడిందన్న ఫేజు వైరుని కూడా బావ ఐరన్‌తోనే కరిగించి ఊడదీశారు.

"మీ నిపుణుడు వైరు లేదని చూశాడు, ఉండేదేమోనని చూడలేదు," అంది ఆమె.

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి నచ్చలేదు.

"పెట్టిన ఎర్త్ విప్పేశారంటే అది నిర్లక్ష్యం కాదు మేడం, హత్య. కట్టినవాడికంటే విప్పడం ఎవడికి బాగా తెలుసు? రెండేళ్ళతో పోయేదాన్ని మీరే యావజ్జీవం దాకా లాక్కొచ్చారు. థాంక్స్."

అక్క ముఖం పాలిపోయింది. డిటెక్టివ్ చేతిని పట్టుకుంది. ఆ పట్టు బిగుసుకుంటుంటే, తొందరపడి ఈ మనిషిని ఇక్కడికి తెచ్చానేమోనని డిటెక్టివ్‌కి ఒక్క క్షణం భయం వేసింది. కానీ గొంతు తొణకనివ్వలేదు.

"ఎప్పుడు విప్పాడంటారు? మంగళవారం తగిలించి వెళ్ళినవాడు మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. బుధవారం సాయంత్రం ఒక చేత్తో రాక్ పట్టుకుని, తడిగుడ్డతో ఈ పెట్టెని తుడిచిన మనిషి ఇదుగో, మీ ముందు ప్రాణాలతో నిలబడి ఉంది. అంటే బుధవారం ఈ పెట్టె మంచిదే. గురువారం పదింటికి మూడో మిషన్ ఆగింది. ఆ టైముకి మీ హంతకుడు ఆసుపత్రి లిఫ్టు గుంతలో ఇద్దరు సాక్షుల మధ్య ఉన్నాడు. ఫోన్ చేసి కనుక్కోండి, నేను ఆగుతాను."

ఇన్‌స్పెక్టర్ నిజంగానే ఫోన్ చేశాడు. ఆసుపత్రికి ఒకసారి, దుకాణానికి ఒకసారి. మధ్యలో ఆమెని కొరకొరా చూస్తూనే ఉన్నాడు. మొండివాడే కానీ మూర్ఖుడు కాదు. రెండో ఫోన్ పెట్టేసేసరికి అతని ముఖంలో వెటకారం పోయింది. తలుపు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్‌ని పిలిచి, ఆ లిఫ్టు మెకానిక్‌ని వదిలెయ్యమని చెప్పాడు. వదిలెయ్యడమంటే అడిగినప్పుడు రావాలని కూడా చెప్పమన్నాడు.

అక్క అక్కడే కూలబడింది. వాడు కాదు కదమ్మా, వాడు కాదు కదా అని చిన్నపిల్లలా అడిగిందే అడుగుతోంది. కాదని డిటెక్టివ్ చెప్పిన ప్రతిసారీ ఆవిడ తల ఊపి, మళ్ళీ అడిగింది. మూడు రోజులుగా తమ్ముడి ఫోనెత్తకుండా, వాడి పేరెత్తినవాళ్ళ మీద విరుచుకుపడిన పాపం ఎలా పోతుందని గుండెలు బాదుకుంది. ఇన్‌స్పెక్టర్ తానే వెళ్ళి నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

నీళ్ళు తాగి తేరుకున్నాక డిటెక్టివ్ ఆవిడ పక్కన కూర్చుంది. బావ ఈమధ్య ఎవరిమీదైనా కోపంగా ఉన్నాడా అని అడిగింది. మనుషుల మీద కాదు, మిషన్ల మీదేనని అక్క చెప్పింది. మీటర్ చూస్తే గంటంతా కరెంటు తింటున్నాయి, జమ చూస్తే గంటకి కొన్ని నిమిషాల పని ఎక్కడికో పోతోంది. మొదట తన లెక్క తప్పనుకున్నాడట. తర్వాత సొంతంగా ఒక మీటర్ కట్టి, వారంరోజులు కాపలా కాశాడు. లోపలి సాఫ్ట్‌వేర్‌లోనే ఏదో ఉంది, మన ఇంట్లో మన కరెంటుతో ఆ కాసేపు మన మిషన్లు ఇంకెవరికో కూలి చేస్తున్నాయి అన్నాడు. మన ఒక్కరివే కాదు, షెడ్డుకొచ్చే నలభైమంది ఇళ్ళలోనూ ఇదే అయ్యుంటుంది, ఆదివారం అందరి ముందూ అడిగేస్తాను అని ఊగిపోయాడట.

ఇవాళ శనివారం. ఆదివారం రాకముందే అడిగేవాడి నోరు మూతపడింది.

"ఆ సాఫ్ట్‌వేర్ ఎవరు ఎక్కించారమ్మా?"

"ఇంకెవరు, మాస్టారే. అందరికీ ఆయనే ఎక్కిస్తారు. పైసా తీసుకోరు, పాపం. మా ఆయన ఈ తేడా సంగతి మొదట చెప్పిందీ ఆయనకే."

ఇన్‌స్పెక్టర్, డిటెక్టివ్ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆమె ముందు లేచింది. నడవా దాటి బయటికి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. ఫ్లాస్కు కూడా లేదు. కానిస్టేబుల్ చేతులు నలుపుకుంటూ చెప్పాడు. లోపల వాళ్ళ అక్కగారున్నారు, కలిసి వెళ్ళమన్నానండి. అక్క ముఖం చూడలేనన్నాడు. మాస్టారు భుజమ్మీద చెయ్యేసి, పోనీలే పద నాన్నా, మనింటికి పోదాం అని కారెక్కించుకుపోయారు. అరగంటవుతుంది.

వదిలెయ్యమని వాదించి గెలిచింది తనే. ఆ సంగతి డిటెక్టివ్ గుండెలో ముల్లులా దిగింది. మూడు రోజులుగా చంపింది నేనే అని స్టేషనంతా వినేలా చెప్పుకున్నవాడు ఇవాళ కరెంటు కొట్టి పోతే, కుమిలిపోయి చచ్చాడనే అందరూ అనుకుంటారు. కేసు అక్కడితో మూతపడుతుంది. ఇన్‌స్పెక్టర్ అప్పటికే జీపు కోసం కేకలేస్తూ పరిగెత్తుతున్నాడు.

అక్క తమ్ముడి నంబరు నొక్కింది. గురువారం తర్వాత ఆవిడ వాడికి చేసిన మొదటి ఫోను అది. నాలుగోసారి మోగాక ఎత్తాడు. వెనక ఫ్యాన్ల హోరు.

"అక్కా," అన్నాడు. "నువ్వేనా అక్కా? నిజంగా నువ్వేనా?"

డిటెక్టివ్ ఫోన్ లాక్కుంది. ఎక్కడున్నావని అరిచింది. షెడ్డులో ఉన్నానని, మనసు మళ్ళాలంటే చేతికి పనుండాలని మాస్టారు చిన్న పని చెప్పారని, ఒక పవర్ సప్లై పెట్టెని రాక్‌లోకి జరపాలంతేనని అతను చెప్పాడు. ఒక చెయ్యి రాక్ మీదే ఉందట, రెండో చేత్తో ఫోను పట్టుకున్నాడట.

"ఆ పెట్టె ముట్టుకోకు. వింటున్నావా? ఫోను చేతిలోంచి దించకు."

"ఏంటి మేడం? ఫ్యాన్ల చప్పుడు, వినబడటం లేదు."

ఆమె మళ్ళీ అరిచేలోగా ఆ హోరులోంచి ఇంకో గొంతు దగ్గరికొచ్చింది. నెమ్మదైన గొంతు, ప్రేమగా ఉంది.

"ఆ ఫోను ఇటివ్వు నాన్నా. పెట్టె బరువు, రెండు చేతులూ వెయ్యి."